అగరొత్తుల గది

ఆ పొద్దు ఆకాశంలో రెండు గాలులు కనిపించాయి. పైన మబ్బుతునకలు దక్షిణం నుంచి ఉత్తరానికి పోతున్నాయి. కింద పొయ్యి పొగ మాత్రం సముద్రం వైపు వాలుతోంది. తూర్పున ఎర్రటి గీత ఒకటి పడి, సూర్యుడు రాకముందే బూడిదరంగులో కలిసిపోయింది. ఎల్లారావు పాయ గట్టున నిలబడి అదంతా చూశాడు. చూసి చేసేదేమీ లేదు. వేట నిషేధం రోజులు. పడవలన్నీ ఒడ్డెక్కి ఉన్నాయి. అయినా లేవగానే ఆకాశం చూడకపోతే అతనికి మొహం కడుక్కోనట్టే ఉంటుంది.

"ఏం చూస్తావు మావా, ఈ రెణ్ణెల్లూ ఆకాశానికీ సెలవే," అంది గంగారత్నం వెనకనుంచి. "నీళ్ళు కాగినయ్. సబ్బు రెండుసార్లు రాసుకో."

అతను ఆ రోజు బెజవాడ వెళ్ళాలి. వలలకి నైలాను తాడు కావాలి, వన్‌టౌన్‌లో మంచిది దొరుకుతుంది. పనిలో పనిగా గుణదలలో గది తీసుకుని పాలిటెక్నిక్ చదువుతున్న కొడుకు హేమసుందర్‌ని చూసి రావాలి. సబ్బు రెండుసార్లు రాసుకోమన్నది అందుకే.

స్నానం అయ్యాక గంగారత్నం పెట్టెలోంచి తెల్లచొక్కా తీసి ఇచ్చింది. మెడ మీద పౌడరు చల్లింది. ఎల్లారావు తుమ్మాడు.

"పెళ్ళినాడు కూడా ఇంత హంగామా చెయ్యలేదు నాకు. ఆనాడూ చేపల వాసనే వొచ్చింది నా దగ్గర. నువ్వేం అన్లేదే."

"నా దగ్గరా అదే వొచ్చేది. నాకెట్టా తెలుస్తది?" అంది ఆమె. నవ్వింది గాని ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "చేపలేం తీసికెళ్ళమాక. మావిడికాయ పచ్చడి పెట్టా, అదియ్యి. ఎక్కువసేపు కూచోమాక. వాడి స్నేహితులు వస్తే లేచి వొచ్చెయ్."

దసరా తర్వాత గంగారత్నం కొడుకు గదికి వెళ్ళలేదు. దసరాకి వెళ్ళింది, క్యారేజీ నిండా పండుగప్ప పులుసు పట్టుకుని. తలుపు తట్టగానే లోపల హడావుడిగా కిటికీ తెరిచిన చప్పుడైంది. కొడుకు తలుపు తీసేసరికి నాలుగైదు అగరొత్తులు ఒక్కసారే వెలుగుతున్నాయి. వాడు తల్లికి దూరంగా, గోడవారన నిలబడి మాట్లాడాడు. ఆమె మొహం చూడలేదు. గంగారత్నం క్యారేజీ అక్కడ పెట్టి, మూత కూడా తియ్యకుండా తిరిగి వచ్చేసింది.

"మన వాసన వాడికి పడటం లేదు మావా," అంది ఆ సాయంత్రం. "పెద్ద చదువులోళ్ళ మధ్య ఉంటున్నాడు. మనమెందుకు అడ్డం?"

కోపంతో అన్నమాట కాదు అది. కొడుకు పరువు కాపాడుదామని అన్నమాట. అందుకే ఎల్లారావు కూడా ఎదురు చెప్పలేదు. అప్పటినుంచి ఎండురొయ్యలు పంపడం మానేశారు. వెళ్ళడం మానేశారు. వాడూ చదువు పేరు చెప్పి పండక్కి రాలేదు. ఫోన్లో "తిన్నావా" అంటే "తిన్నా" అని వస్తుంది. "చదువుతున్నావా" అంటే "చదువుతున్నా." ఆ తర్వాత ఇద్దరికీ మాటలుండవు.

*

బస్సు అవనిగడ్డ దాటి, చల్లపల్లి కోట గోడ పక్కగా మలుపు తిరిగింది. కాలవలో నీళ్ళు తగ్గి, అడుగున బురద మీద కొంగలు నిలబడి ఉన్నాయి. ఉయ్యూరు దాకా రెండువైపులా నరికిన చెరుకు మోళ్ళు. ఎల్లారావు కిటికీ పక్కన కూర్చుని, చదువుకునే రోజుల్లో బెజవాడ ఒక్కసారి కూడా చూడని తన సంగతి తలుచుకున్నాడు. ఊరి బడిలో అయిదో తరగతి అయ్యాక మేష్టారు ఇంటికొచ్చి "వీడికి చూపు బాగుందయ్యా, చదివించు" అంటే, అయ్య "చూపు బాగుంటే పడవలోకి పనికొస్తాడండి" అన్నాడు. మేష్టారు కాసేపు కూర్చుని, రెండు పీతలు తీసుకుని వెళ్ళిపోయాడు.

అప్పటి పడవలకి ఇంజన్లు లేవు. తెడ్డూ, గెడా, గాలి ఉంటే తెరచాప. ముందు కొమ్ము దగ్గర కొడుకు, వెనక తండ్రి. వేట ముగించి వచ్చేటప్పుడు ఒళ్ళు అలిసిపోయి కళ్ళు మూతలు పడేవి. పడవలో నిద్రపోతే నీళ్ళలో పడతారని అయ్య ఒక పద్ధతి పెట్టాడు. తిరుగు దారిలో ఒకరి తరవాత ఒకరు, ఆ రోజు చూసినది ఒకటి చెప్పాలి. "ఏం చూశావురా ఇయ్యాల?" అనేవాడు అయ్య. మడచెట్ల వేళ్ళ మధ్య నీటిపాము అనో, నీటిరంగు మారిందనో, ఫలానా వాళ్ళ వల చిరిగిందనో చెప్పాలి. చూసింది చిన్నదైనా ఫరవాలేదు. అబద్ధం మాత్రం చెప్పకూడదు. చెబితే అయ్యకు తెలిసిపోయేది. పడవ చిన్నది, ఎదురెదురుగా కూర్చుంటే మొహం దాచుకోవడానికి చోటుండేది కాదు.

తరవాత ఇంజన్లొచ్చాయి. ఇంజను చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. హేమసుందర్ చిన్నప్పుడు సెలవుల్లో పడవెక్కేవాడు. చెయ్యెత్తి ఏదో చూపించేవాడు. ఎల్లారావు తల ఊపేవాడు. ఏం చూపించాడో ఒడ్డుకొచ్చాక అడగాలనుకునేవాడు. ఒడ్డుకొచ్చాక చేపలు దించే తొందర.

బస్సు కండక్టరు "బస్టాండ్, బస్టాండ్" అని అరిచాడు.

*

గుణదలలో ఇల్లుగలావిడ శౌరమ్మ వాకిట్లో బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. భర్త రైల్వేలో పనిచేసి పోయాడు. మేడ మీద ఒక గది అద్దెకిచ్చుకుంటుంది.

"రండి అన్నయ్యగారూ. ఎన్నాళ్ళకి! వదినగారు కులాసాయేనా? మళ్ళీ రాలేదేంటి?"

"పనులండీ."

"మీ అబ్బాయికి మాత్రం మా చెడ్డ భక్తండీ. ఎప్పుడు చూసినా అగరొత్తులే. పగలు లేదు, పొద్దు లేదు. ఆ పొగకి మెట్ల మీద పెట్టిన మా మరియమాత బొమ్మ కూడా తుమ్ముతుందేమోనని భయమేస్తుందనుకోండి." చేట దులిపింది. "గదిలో తోడుండే జయకృష్ణ ఉన్నాడు చూశారా, ఈ భక్తి తట్టుకోలేకే గది మారిపోయాడు."

ఎల్లారావు చెప్పులు విప్పుతూ ఆగాడు.

"మారిపోయాడా?"

"సంక్రాంతి ముందే. చెప్పలేదా మీకు?"

అతను మెట్లెక్కాడు. ఎండ బాగా ఎక్కింది. తలుపు మూసి ఉంది. తట్టాడు. లోపల కిటికీ రెక్క చప్పుడు. అగ్గిపుల్ల గీసిన చప్పుడు. కాసేపు ఏమీ లేదు. తరవాత తలుపు తెరుచుకుంది.

"నాన్నా! చెప్పకుండా వచ్చావేంటి?"

"తాడు కొనడానికొచ్చా."

గదిలో రెండు మంచాలు. ఒకదాని మీద పరుపు లేదు, చెక్కల మీద దుమ్ము. రెండోదాని మీద దుప్పటి నలిగి ఉంది. బల్ల మీద పుస్తకం తెరిచి ఉంది. దాని మీద కూడా దుమ్ము పడింది. హేమసుందర్ దవడలు లోపలికి పోయాయి. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. నిద్ర లేచినవాడి కళ్ళు కావవి. నిద్ర పట్టనివాడి కళ్ళూ కావు. కిటికీ దగ్గర అగరొత్తుల కట్ట మొత్తం ఒక్కసారే కాలుతోంది.

ఎల్లారావు ఖాళీ మంచం అంచున కూర్చున్నాడు. గట్టిగా గాలి పీల్చాడు. అగరొత్తుల కింద ఇంకో వాసన ఉంది. పచ్చి ఆకులు, తడి తాడు కలిపి కాల్చినట్టుండే వాసన. అది అతనికి తెలుసు.

మడ అడవి అంచున, పాత లంగరు దగ్గర కూర్చునేవాడు శౌరయ్య. ఎల్లారావు ఈడువాడే. గెడ వేస్తే పడవ బాణంలా పోయేది. ఎవరో ఉత్తరాది కూలీలు ఆ పొగ అలవాటు చేశారు అతనికి. కొన్నాళ్ళకు గాలి ఎటుందో చెప్పలేకపోయేవాడు. వల వేసి ఎక్కడ వేశాడో మరిచిపోయేవాడు. వాళ్ళ నాన్న తెడ్డుతో కొట్టి ఇంట్లోంచి తరిమేశాడు. కాకినాడ వైపు పోయాడన్నారు. వాళ్ళమ్మ ఆ దిక్కునుంచి వచ్చే ప్రతి పడవకీ ఎదురెళ్ళి, "మావోడు కనపడ్డాడా బాబూ?" అని అడిగేది. ముసలిదై, కళ్ళు పోయాక కూడా, ఇంజను చప్పుడు వినపడితే చాలు ఒడ్డుకొచ్చేది.

ఎల్లారావుకి కొట్టాలనిపించింది. చెయ్యి మోకాలి మీద పెట్టుకుని అక్కడే ఉంచాడు.

"మీ అమ్మ పచ్చడి పంపింది."

"ఊ."

"చేపలు పంపలేదు. నీకు ఆ వాసన పడట్లేదని."

హేమసుందర్ తలెత్తాడు. "ఏంటి?"

"దసరాకొచ్చినప్పుడు నువ్వు అగరొత్తులు వెలిగించావంట. మన వాసనకి నీకు నామోషీగా ఉందని అనుకుంది."

ఆ కుర్రాడి మొహంలో ఏదో కదిలి ఆగింది. ఎల్లారావు అది చూశాడు. వాడి ముందు ఒక తలుపు తెరిచినట్టయింది. ఔనంటే చాలు, ఇంకెవరూ ఏమీ అడగరు.

"అంటే... ఫ్రెండ్స్ ఏదో ఒకటి అంటారు నాన్నా," అన్నాడు హేమసుందర్ కిటికీ వైపు చూస్తూ. "అందుకే."

"సరే. అట్టాగే చెప్తా అమ్మకి."

కింద శౌరమ్మ చేట చప్పుడు వినపడుతోంది.

"మీ అమ్మకి ఒక పిచ్చి పట్టిందిరా," అన్నాడు ఎల్లారావు. "నీకు వీడియో కాల్ చేసే ముందు స్నానం చేసి చీర మార్చుకుంటోంది. ఫోన్లో వాసన రాదే అని నవ్వితే నన్ను తిట్టింది. వాడికి గుర్తొస్తది కదా అంది."

హేమసుందర్ కదల్లేదు. ఎల్లారావు తాడు కొట్టు సంగతి, బస్సు సంగతి అన్నీ పక్కన పెట్టి, మంచం మీద ఇంకొంచెం వెనక్కి జరిగి, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. చిన్నప్పుడు తను శౌరయ్య దగ్గర కూర్చుని వచ్చిన మర్నాడు అయ్య ఇలాగే చేశాడు. చొక్కాకి పట్టిన పొగ వాసన ఆయనకి తెలిసింది. కొట్టలేదు. పాయ నడిమధ్యకి తీసుకెళ్ళి తెడ్డు పైకి తీసి, "నిన్న ఏం చూశావురా?" అన్నాడు. చెప్పేదాకా పడవని ఒడ్డుకి తిప్పలేదు. చెప్పాక, "రేపట్నుంచి సందెవేళ నాతో కూర్చో" అన్నాడు. ఆ తరవాత చాలాకాలం సందెవేళ వాళ్ళిద్దరూ కలిసి వల బాగుచేసుకున్నారు.

అగరొత్తులు సగం దాకా కాలి బూడిద రాలింది.

"అమ్మ వాసన కాదు నాన్నా," అన్నాడు హేమసుందర్. "అమ్మ వాసనకి నేనెందుకు..."

"నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"గంజాయి వాసన తెలుసు."

వాడు నేల మీద కూలబడి మొహం మోకాళ్ళలో దాచుకున్నాడు. ఎల్లారావు మంచం దిగి వాడి పక్కనే నేల మీద కూర్చున్నాడు. వాడి భుజం మీద చివరిసారి ఎప్పుడు చెయ్యి వేశాడో అతనికే గుర్తు లేదు. వేశాడు.

మొదటి ఏడాది పరీక్షల్లో మూడు సబ్జెక్టులు పోయాయట. ఇంటికి చెప్పలేదు. నిద్ర పట్టేది కాదు. కాలేజీ బయట టీ కొట్టు దగ్గర ఒకడు, "ఇది తాగు, పడుకుంటావు" అన్నాడట. మొదట్లో వారానికి ఒకసారి. దసరాకి అమ్మ వచ్చేనాటికి అప్పుడే మొదలైంది. భయమేసి అగరొత్తులు వెలిగించాడు. ఎక్కడ పసిగడుతుందోనని దూరంగా నిలబడ్డాడు.

"తరవాత మీరు రావడం మానేశారు," అన్నాడు. నిందలా అనలేదు. "ఎవరూ రారని తెలిశాక... తలుపేసుకుంటే సరిపోయేది."

ఆ మాట ఎల్లారావుకి ఎక్కడో లోపల తగిలింది. కొడుకు కోసమని దూరంగా జరిగారు. ఎంత దూరం జరిగితే వాడికి అంత చోటు దొరికింది.

"ఎక్కడుంది?"

హేమసుందర్ పరుపు కిందనుంచి చిన్న పొట్లం తీశాడు. ఎల్లారావు చెయ్యి చాపలేదు.

"నువ్వే పారెయ్."

వాడు బాత్రూంలోకి వెళ్ళాడు. నీళ్ళ చప్పుడు రెండుసార్లు వినపడింది. ఎల్లారావు కాలుతున్న అగరొత్తులు తీసి బకెట్లో ముంచాడు.

"రేపటికి మళ్ళీ కావాలనిపిస్తది నాన్నా," అన్నాడు వాడు తలుపు దగ్గర నిలబడి. "నిజం చెప్తున్నా."

"అనిపిస్తే చెప్పు. దాచమాక. అడగడానికి ఎవరైనా ఉన్నారా ఇక్కడ? డాక్టరు లాంటోళ్ళు?"

"కాలేజీలో కౌన్సిలింగ్ మేడం ఉంది. భయమేసి వెళ్ళలేదు."

"నేనొస్తా. పద."

*

కౌన్సిలింగ్ మేడం పేరు పద్మశ్రీ. చిన్న గది, ఒక ఫ్యాను, మూడు ప్లాస్టిక్ కుర్చీలు. హేమసుందర్ చెప్పిందంతా వింది. మధ్యలో ఎక్కడా అడ్డుపడలేదు. ఎల్లారావుకి ఆవిడ పద్ధతి నచ్చింది.

"మా దగ్గరికి తల్లిదండ్రులు ఎక్కువగా పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్ వచ్చాక వస్తారండీ," అందావిడ. "మీరు ముందే వచ్చారు. ప్రభుత్వాసుపత్రిలో డాక్టరుగారు ఉన్నారు, రేపు పొద్దున్నే చూపిద్దాం. నేను ఫోన్ చేస్తాను. ఇంకో మాట. ఒక్కసారి తిట్టి, ఒక్కసారి ఒట్టు వేయించుకుని వదిలేస్తే లాభం లేదండి."

"మరేం చెయ్యాలమ్మా?"

"రోజూ మాట్లాడండి. 'తిన్నావా, చదివావా' కాదు. ఏం చూశాడు, ఎవరితో తిరిగాడు, ఏం నచ్చలేదు... అట్లా. స్నేహితుల పేర్లు తెలుసుకోండి. మార్కులు తగ్గితే ఇంటికి చెప్పుకునేట్టు ఉండాలి. అప్పుడప్పుడు చెప్పకుండా వస్తూ ఉండండి."

"మేం చేపలోళ్ళమండి," అన్నాడు ఎల్లారావు. "చెప్పకుండా వొచ్చినా మెట్ల దగ్గరే తెలిసిపోద్ది."

పద్మశ్రీ నవ్వింది. హేమసుందర్ కూడా, తల వంచుకునే, కొంచెం నవ్వాడు. ఆ నవ్వు ఎల్లారావు చూశాడు. చిన్నప్పుడు పడవలో చెయ్యెత్తి చూపించేటప్పటి నవ్వు అది. పూర్తిగా రాలేదు గాని, అదే.

బయటికొచ్చి ఫోన్ చేశాడు.

"రత్నం, నువ్వు రా."

"వాడికేమైనా అయిందా?"

"ఏం కాలేదు. ఏదన్నా అయ్యే లోపలే వొచ్చాం. నువ్వు బయల్దేరు. ఉన్నట్టుగానే రా."

"మిగిలిన ఎండుచేపలు మళ్ళీ ఎండేస్తున్నా మావా. ఈ చీరతోనా..."

"ఆ చీరతోనే."

*

గంగారత్నం వచ్చేసరికి పొద్దు వాలుతోంది. గుణదల కొండ మీద శిలువ వెనక ఆకాశం పసుపురంగులో ఉంది. ఆమె మెట్లెక్కి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. చీర కుచ్చిళ్ళకి ఇసక, మోచేతి మీద ఒక పొలుసు మెరుస్తోంది. లోపలికి రానా అన్నట్టు చూసింది.

హేమసుందర్ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి మంచం మీద కూర్చోబెట్టాడు. తనే చెప్పాడు. ఎల్లారావు కిటికీ దగ్గర నిలబడ్డాడు. గంగారత్నం వింటూ వింటూ కొడుకు వేళ్ళు ఒక్కొక్కటే తడిమి చూసింది, పుట్టిన నాడు లెక్కపెట్టినట్టు.

"అయితే నా వాసన కాదన్నమాట," అంది చివరికి.

"కాదమ్మా."

"చవట! ఆ మాట అప్పుడే చెప్తే ఈ చలికాలమంతా పొద్దున్నే తలంటుకునే బాధ తప్పేది కదరా నాకు!" అంది. అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళ నీళ్ళు ఆగలేదు. హేమసుందర్ ఆమె ఒళ్ళో తల పెట్టాడు. ఆమె వాడి జుట్టులో వేళ్ళు పెట్టి అలాగే ఉంచింది.

కొంతసేపటికి శౌరమ్మ గుమ్మం దగ్గర దగ్గింది. చేతిలో అన్నం గిన్నె, దాని మీద దోసకాయ పప్పు గిన్నె.

"ఊరినుంచి వచ్చారు, ఇప్పుడేం వండుకుంటారు వదినా? ఇది తినండి," అంది. ఎర్రబడ్డ కళ్ళు మూడు జతలు చూసింది. ఇంకేమీ అడక్కుండా గిన్నెలు కింద పెట్టి, మెట్లు దిగిపోయింది.

ఎల్లారావు నేల తుడిచాడు. గదిలో కంచాలు రెండే ఉన్నాయి. హేమసుందర్ గిన్నె మూత తిప్పి తనకి కంచం చేసుకున్నాడు. రేపు ఆసుపత్రికి వెళ్ళాలి. వాడికి రాత్రి నిద్ర పడుతుందో లేదో తెలియదు. వేట నిషేధం ఉన్నన్నాళ్ళూ ఇద్దరిలో ఒకరు ఇక్కడే ఉండాలని భార్యాభర్తలు చూపులతోనే అనుకున్నారు. ఆ ఖాళీ మంచం మీద పరుపు వెయ్యాలి.

ముగ్గురూ దగ్గరగా కూర్చున్నారు. గది చిన్నది కావడంతో మోకాళ్ళు తగులుతున్నాయి. తలుపు తెరిచే ఉంది. గంగారత్నం వడ్డించింది. హేమసుందర్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. మింగలేడేమో అనిపించింది. మింగాడు. ఇంకో ముద్ద కలుపుకున్నాడు. ఎల్లారావు అప్పుడు తన కంచంలో చెయ్యి పెట్టాడు.